ఏడో అరలో పాత బొమ్మ

జూన్ 3, సోమవారం

ఈ కంప్యూటర్ కంటే నత్త నయం. ఫోల్డర్ మీద నొక్కితే పైన ఆకుపచ్చ గీత బయల్దేరుతుంది. అది ఆ చివరికి చేరేలోపు నేను లేచి వెళ్ళి, సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి, తాగి, మూత బిగించి మళ్ళీ కూర్చోవచ్చు. ముందు అన్నీ బూడిదరంగు చదరాలే కనిపిస్తాయి. తర్వాత ఒక్కొక్కటే ముఖమవుతుంది. నా ఎదుటి కుర్చీలోవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటారు. వాళ్ళకి ఒక్కో చదరం ఒక్కో గండం.

ఇవాళ ఒక పెద్దాయన తమ్ముడి కోసం వచ్చాడు. బొమ్మలన్నీ పడ్డాక కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసి "మావాడు లేడమ్మా" అన్నాడు. అని, నా సీసా అడిగి మరీ గటగటా నీళ్ళు తాగాడు. మార్చురీకి వచ్చిన మనిషి మొహం వికసించి తిరిగి వెళ్ళడం చూడాలంటే నా గదికే రావాలి.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది, తమ్ముడు అక్కడ లేడు కదా అని. లేడన్నాను. ఈమధ్య నేను చెప్పులు విప్పకముందే అడుగుతోంది. జవాబు విన్నాక గాని స్టవ్ వెలిగించదు.

వాడు ఏప్రిల్‌లో వెళ్ళాడు. వ్యాను నడిపే పని పోయిందని కొన్నాళ్ళు మంచం దిగలేదు. తర్వాత ఓ పొద్దున సంచి భుజాన వేసుకుని, పని చూసుకుని వస్తానన్నాడు. ఫోన్ కలవట్లేదు. అమ్మ పోలీసులకి కాగితం కూడా ఇచ్చి వచ్చింది, నేను వద్దన్నా వినకుండా. వాడికి ఇది కొత్తా? పోయిన వానల్లోనూ ఇలాగే మాయమై, గడ్డం పెంచుకుని, ఆకలేస్తోందే అక్కా అంటూ తిరిగొచ్చాడు. ఇప్పుడూ వస్తాడు.

జూన్ 5, బుధవారం

బాబాయితో పేచీ. సొంత బాబాయి కాదు, మార్చురీ అటెండర్ని అందరం అలాగే పిలుస్తాం.

బాబాయి లోపలి మనిషి, నేను బయటి మనిషిని. చల్లగదిలోకి అడుగు పెట్టనని ఉద్యోగంలో చేరినప్పుడే చెప్పాను, ఆ మాట మీదే ఉన్నాను. శవాన్ని అరలో పెట్టేది, ఛాతీ మీద నంబరు పలక ఉంచి ఫొటో తీసేది, దాన్ని కంప్యూటర్‌లో వేసేది బాబాయి. వచ్చినవాళ్ళకి చూపించేది నేను.

పేచీ కెమెరా గురించి. అందులో తేదీ నిలబడదు. ఫొటో తీయగానే బాబాయి బ్యాటరీ ఊడదీసి ఛార్జింగ్‌కి పెడతాడు. బ్యాటరీ ఊడదీసినప్పుడల్లా కెమెరా తన పుట్టినరోజుకి వెళ్ళిపోతుంది. ఎవరి ఫొటో చూసినా జనవరి ఒకటో తేదీ, అర్ధరాత్రి. డాక్టరుగారికి చెబితే, చచ్చినవాళ్ళకి తేదీతో పనేముందమ్మా అని నవ్వారు. ఆయన జోకులకి నవ్వేవాళ్ళు లోపల అరల్లో ఉన్నారు, వెళ్ళి వాళ్ళకి చెప్పుకోమనాలి.

పేర్ల సంగతి మాత్రం నేనే తేల్చేశాను. ఇదివరకు ఒక్కో ఫొటోకి పోలీసు నంబరు, తేదీ, దొరికిన చోటు అన్నీ కలిపి పేరు పెట్టేదాన్ని. ఇప్పుడు పేరు మార్చబోతే చాలు, కంప్యూటర్‌కి మూర్ఛ వస్తోంది. అందుకని ఇక నుంచి అర నంబరే ఫొటో పేరు. ఒకటి నుంచి పన్నెండు దాకా. మనిషిని తీసుకెళ్ళిపోతే ఫొటో పాతవాటిలోకి పోతుంది, ఆ అరలోకి కొత్త మనిషి వస్తే అదే నంబరుతో కొత్త ఫొటో పడుతుంది. బాబాయికి కూడా వేలిముద్ర వేసినంత సులువు. ఇన్నాళ్ళూ నా ఈ తెలివి ఎక్కడ నిద్రపోయిందో.

లేడు.

జూన్ 11, మంగళవారం

పెద్దాఫీసులో కంప్యూటర్ల సెక్షన్‌కి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. గొంతులో నిద్ర ఇంకా వదల్లేదు. ఫోల్డర్ తెరుచుకోవడానికి యుగం పడుతోందని చెప్పాను. ఎన్ని ఫొటోలున్నాయని అడిగింది. పాతవీ కొత్తవీ కలిపి వేలు ఉంటాయన్నాను. ఏం ఫొటోలని అడగలేదు. అదృష్టవంతురాలు.

కంప్యూటర్ తను చూసిన ప్రతి ఫొటోకీ ఒక చిన్న బొమ్మ చేసి దాచిపెట్టుకుంటుందట. మళ్ళీ ఫోల్డర్ తెరిస్తే అసలు ఫొటో జోలికి పోకుండా దాచిన బొమ్మనే చూపిస్తుందట. దాన్ని క్యాచీ అంటారట. అది ఏళ్ళ తరబడి పేరుకుపోయి పాడైపోయిందని, తుడిచేస్తే సరిపోతుందని చెప్పింది. ఎక్కడ నొక్కాలో రాసుకున్నాను. ఫొటోలు పోతే నా మెడకి చుట్టుకుంటుందని అంటే, ఫొటోలు పోవు మేడమ్, బొమ్మలే పోతాయి, మళ్ళీ కొత్తవి చేసుకుంటుంది అంది. ఫోన్‌లో చెప్పేవాళ్ళకి అన్నీ సులువే.

శుక్రవారం చేస్తాను.

జూన్ 14, శుక్రవారం

చేయలేదు. పొద్దుటి నుంచీ జనం.

జూన్ 17, సోమవారం

ఏడో అరలో మీసాలాయన్ని కూతుళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. చిన్న బొమ్మలోనే గుర్తుపట్టారు. ఆ మీసాలు అలాంటివి మరి, చెంపల దాకా పాకి ఉంటాయి. చిన్నకూతురు తెర మీద వేలు పెట్టి మీసాల్ని నిమిరింది. తెర మీద వేలిముద్ర పడింది. తుడవబుద్ధి కాలేదు, సాయంత్రం వెళ్ళేటప్పుడు తుడిచాను.

లేడు.

జూన్ 19, బుధవారం

ఇవాళ కొత్తగా ఒక్కడే. బస్టాండులో బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. జేబులో ఏమీ లేదు. జ్వరం ముదిరి ఉంటుందన్నాడు బాబాయి. ఆయన గుమ్మంలో నిలబడి వివరాలు చెబుతుంటే నేను టైపు చేశాను. మగ మనిషి, నలభై అయిదు పైబడి, బాగా బక్క, గడ్డం, నీలం గళ్ళ చొక్కా. ఏడో అర.

ఇంటికొచ్చేసరికి అమ్మ తమ్ముడి దుప్పటి ఉతికి ఆరేసింది. వాడికి ఉతికిన దుప్పటి అయితే గాని నిద్రపట్టదని నాకే చెబుతోంది. నాకు తెలియదా? వాణ్ణి ఎత్తుకుని తిరిగిందెవరు?

జూన్ 20, గురువారం

ఏడులో ఇంకా మీసాలాయనే కనబడుతున్నాడు. ఆయన వెళ్ళి మూడు రోజులైంది కదా. కొత్త ఫొటో వేయడం మరిచిపోయాడనుకుని బాబాయిని కేకేశాను. వేశానమ్మాయ్, పాతది నువ్వు తీసేశావు, కొత్తది నిన్ననే వేశాను అన్నాడు. నాకూ తీసేసినట్టే గుర్తు. సరే పెద్దది చేసి చూద్దామని నొక్కాను. గీత సగం దాకా పోయి ఆగింది, తెరంతా తెల్లబోయింది. ఆపి మళ్ళీ వెలిగించేసరికి గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు, కూతురి కోసం.

మీసాలు లోకంలో ఒక్కరికే రాసిపెట్టలేదు. ఈ బస్టాండు మనిషికీ ఉండి ఉంటాయి. గడ్డం ఉన్నవాడికి మీసాలుండవా?

లేడు.

జూన్ 24, సోమవారం

అమ్మ పక్కింటావిడతో అంటుంటే విన్నాను. "మా అమ్మాయి అక్కడే పనిచేస్తుంది. అది చూడకుండా అక్కడికి ఎవరూ రారు. అది లేడందంటే వాడు ఎక్కడో అన్నం తింటున్నట్టే." పక్కింటావిడ తలాడించింది. నేను కూరగాయల సంచి పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయాను. గొప్పగా అనిపించింది. ఎందుకు దాచుకోవాలి, అనిపించింది. డాక్టర్లు మందులిచ్చినా పట్టని నిద్ర మా అమ్మకి నా ఒక్క మాటతో పడుతోంది.

రోజూ పొద్దున ఎవరూ రాకముందే ఫోల్డర్ తెరుస్తాను. పన్నెండు చదరాలూ ముఖాలయ్యేదాకా చూస్తాను. వాడి కోసం కాదు, కంప్యూటర్ పనిచేస్తోందో లేదో చూడాలి కదా. అన్నీ పడ్డాక సీసా ఎత్తి నీళ్ళు తాగుతాను. పెద్దది చేసి చూడాల్సిన పనేముంది? తోడబుట్టినవాణ్ణి గోరంత బొమ్మలోనైనా పోల్చలేనా?

జూన్ 27, గురువారం

లేడు.

జూన్ 28, శుక్రవారం

లేడు. క్యాచీ పని సోమవారం.

జులై 2, మంగళవారం

గడువు దాటినా ఎవరూ రాని ముగ్గుర్ని పూడ్చడానికి పంపించేశాం. మూడు, ఏడు, పది. మునిసిపాలిటీ వ్యాను వెనక్కి వచ్చి నా కిటికీ పక్కనే ఆగింది. ఎక్కించేవాళ్ళు సిగరెట్లు ఆర్పి చేతులు కడుక్కుని మరీ ఎక్కించారు, అంత మర్యాద ఎప్పుడూ లేదు. కొత్త మేస్త్రి వచ్చాడట. వ్యాను కదిలేటప్పుడు దుమ్ము లేస్తుందని కిటికీ రెక్క వేసుకున్నాను.

ముగ్గురి ఫొటోలూ పాతవాటిలోకి మార్చాలి. మారుద్దామని పట్టుకుంటే కదలదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇక ఈ క్యాచీ సంగతి తేల్చాల్సిందే.

జులై 5, శుక్రవారం

ఏడో అరలో ఉన్నది మా తమ్ముడు.

జులై 7, ఆదివారం

అమ్మ నిద్రపోతోంది. మధ్యాహ్నం. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

శుక్రవారం పొద్దున జనం లేరు. రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే నొక్కాను. సి డ్రైవ్, ప్రాపర్టీస్, డిస్క్ క్లీనప్. వచ్చిన వరసలో థంబ్‌నెయిల్స్, అంటే ఆ చిన్న బొమ్మలు, అన్న దాని పక్కన మాత్రం టిక్కు ఉంచి మిగతావన్నీ తీసేశాను. ఫొటోలు పోతాయేమోనని కాగితం మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. నా భయం అంతవరకే. ఓకే నొక్కాను. కాసేపు ఏదో తుడుచుకుంది, అయిపోయింది.

ఫోల్డర్ తెరిచాను. తెరుచుకుంది. గీత లేదు, బూడిద చదరాలు లేవు, రెప్ప వేసి తీసేలోపు పన్నెండు ముఖాలూ వచ్చేశాయి. అబ్బ, అన్నాను పైకే. అన్నాక చూశాను. నాలుగులో ముసలాయన లేడు, ఎవరో కుర్రాడున్నాడు. ఏడులో మీసాలాయన లేడు.

గోరంత బొమ్మే. ఒక్క చూపుకే తెలిసింది. అయినా పెద్దది చేశాను. అదీ వెంటనే వచ్చింది. బుగ్గలు పీక్కుపోయి, గడ్డం నెరిసి, నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు. చొక్కా నాకు తెలియదు, మేం కొన్నది కాదు. మెడ దాకా బొత్తాం పెట్టుకుని ఉన్నాడు. ఎంత ఎండలోనూ ఆ బొత్తాం తీసేవాడు కాదు, ఊపిరాడుతోందట్రా అని ఏడిపించేదాన్ని. పలక మీద ఏడు అని బాబాయి సుద్దతో రాసిన అంకె.

సెక్షన్ ఆవిడకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు, ఇంకెవరికి చేయాలో తెలియక చేసి ఉంటాను. పాత మనిషి బొమ్మ ఎలా కనబడిందని అడిగాను. ఫొటోల పేర్లేమిటని అడిగింది, చెప్పాను. తేదీలు అడిగింది, చెప్పాను. "పేరూ అదే, తేదీ అదే అయితే దానికి అది పాత ఫొటోయే కదా మేడమ్. పైగా క్యాచీ పాడైంది. దాచుకున్న బొమ్మే చూపిస్తుంది" అంది. తర్వాత, స్పీడు పెరిగిందా అని అడిగింది. పెరిగిందన్నాను.

అప్పుడు లేచి చల్లగదిలోకి వెళ్ళాను. బాబాయి నన్ను అక్కడ చూసి చేతిలో బకెట్ కింద పెట్టేశాడు. ఏడో అర ఏదని అడిగాను. చూపించాడు. అది నా కుర్చీ వెనక గోడకి ఆనుకుని ఉంది. గోడకి ఇటు నేను, అటు వాడు. నేను నీళ్ళు తాగి హమ్మయ్య అనుకుంటున్నప్పుడు కూడా.

సాయంత్రం అమ్మ అడిగింది. లేడన్నాను. అబద్ధమేం కాదు, అప్పటికి పంపించేశాం కదా అని దారి పొడవునా నాకు నేను చెప్పుకుంటూనే వచ్చాను. సిగ్గులేని జన్మ. అమ్మ స్టవ్ వెలిగించింది. పెట్టింది తిన్నాను కూడా.

జులై 8, సోమవారం

డాక్టరుగారికి చెప్పాను. ఆయన మొదట అడిగింది, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని. తర్వాత కూర్చోమన్నారు. తర్వాత, చాలా బాధగా ఉందమ్మా అన్నారు. వరస అది. కొత్త కెమెరాకి రాస్తానన్నారు. నాలుగో అర కుర్రాడి ఫొటో సరైనది పోలీసులకి వెంటనే పంపాలని నేనే గట్టిగా అన్నాను, నేనే పంపాను. ఆ కుర్రాడు ఇంకా లోపలే ఉన్నాడు. వాడి వాళ్ళు కూడా ఈ కుర్చీలో కూర్చుని, బొమ్మలన్నీ చూసి, లేడనుకుని ఇంటికి వెళ్ళే ఉంటారు. వాళ్ళని పంపించింది నేనే.

జులై 9, మంగళవారం

బాబాయి ఇవాళ నా గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు. "నేనెప్పుడూ చూడలేదు కదమ్మాయ్ నీ తమ్ముణ్ణి" అన్నాడు. తెలుసన్నాను. "మొహం కడిగే తీశాను ఫొటో. జుట్టు కూడా దువ్వాను" అన్నాడు. నాకు కోపం రావాలి, ఎవరి మీదైనా సరే రావాలి. వెతికితే నా మీద తప్ప ఎక్కడా దొరకడం లేదు. పేర్లు మార్చడానికి బద్ధకించింది నేను. మీసాలాయన మళ్ళీ కనబడితే, పోనీలే అనుకున్నది నేను. అనుకోవడం కాదు, ఆ మీసాలు నాకు కావాల్సి వచ్చాయి.

ఇంట్లో మళ్ళీ లేడన్నాను.

జులై 10, బుధవారం

వాడు కాదేమో. బక్కవాళ్ళంతా ఒకలాగే ఉంటారు.

జులై 11, గురువారం

వాడే. ఇవాళ మళ్ళీ తెరిచి చూశాను.

జులై 13, శనివారం

ఓసారి నాతో ఆఫీసుకి రావాలమ్మా అన్నాను పొద్దున. ఎందుకని అడగలేదు. తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని, తాళం వేసి, ఒకసారి లాగి చూసి, పద అంది. బస్సులో తన టికెట్ తనే పట్టుకుని కూర్చుంది.

నా ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ కుర్చీలోవాళ్ళతో ఎలా ఉండాలో నాకు తెలియనిదేముంది? నీళ్ళు దగ్గర పెట్టాలి. మీవాడేనా అని అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు అనేదాకా ఆగాలి. బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను నొక్కాను. వెంటనే వచ్చేసింది. ఆ పాత గీతే ఉంటే, నీళ్ళు పట్టుకు రావడానికైనా లేచి వెళ్ళేదాన్ని.

అమ్మ చూసింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"వీడు కాదు. మనవాడు ఇంత బక్కగా ఉంటాడా?" అంది.

ఈ మాట అన్నవాళ్ళని ఇన్నేళ్ళలో ఎంతమందినో చూశాను. కళ్ళెదుట కన్నబిడ్డ ఉంటే కాదంటారేమిటని లోపల్లోపల విసుక్కున్నాను కూడా. బాబాయి నావైపు చూశాడు. సరే అమ్మా అని ఫొటో మూసేశాను. అమ్మ లేచి, బాబాయికి నమస్కారం పెట్టి, బయటికి నడిచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు నాలుగు వీధులు తిరిగేదాకా బయటికే చూస్తూ ఉంది. తర్వాత నావైపు తిరక్కుండానే అడిగింది.

"ఎక్కడ పెట్టారే వాణ్ణి?"

చెప్పాను. ఊరి చివర మునిసిపాలిటీ స్థలముందని, రాయి మీద నంబరుంటుందని, రేపు ఇద్దరం వెళదామని.

"అంతకు ముందు ఎక్కడున్నాడు?"

నా గది పక్కనే అన్నాను. నా కుర్చీ వెనక గోడకి అవతల. అంతా చెప్పేశాను, మీసాలాయన సంగతి, పేర్ల సంగతి, నేను రోజూ చూసి లేడని వచ్చి చెప్పడం. బస్సులో ఎవరైనా వింటున్నారేమో పట్టించుకోలేదు. ఆమె తిడుతుంది, నలుగురిలో కొడుతుంది, కొట్టనీ అనుకున్నాను. కొడితే బాగుండుననే ఒక్కటీ దాచకుండా చెప్పాను.

అమ్మ చాలాసేపు టికెట్‌ని మడతపెట్టి విప్పుతూ కూర్చుంది.

"నువ్వు రోజూ వెళ్ళేదానివేగా" అంది చివరికి. "పోనీలే. అక్కడ వాడు ఒంటరిగా లేడు."

మా స్టాపు వచ్చింది, పోయింది. ఇద్దరిలో ఎవరం లేవలేదు.